నాలుగు పిక్సెళ్ల దిగ్విజయం

ఉదయాద్రి శిఖరాన బాలభానుడు ఇంకా పాదం మోపలేదు. తారకాగణం తట్టాబుట్టా సర్దుకుంటున్నదే గాని ఆకాశాన్ని పూర్తిగా ఖాళీ చేయలేదు. అట్టి బ్రాహ్మీముహూర్తాన, భాగ్యనగరాన, సంజీవరెడ్డినగరపు సందుల్లో ఒకానొక మెన్స్ హాస్టల్ మూడో అంతస్తులో, నలుగురు పంచుకునే గదిలో, నాలుగో మంచపు దిండు కింద నుంచి, దిగ్గజాలు ఉలిక్కిపడేలా, పక్క మంచాల వీరులు తిట్లు సైతం మరచి దిగ్గున లేచేలా శంఖారావం మోగింది. సెల్‌ఫోను అలారం! ఆ నాదం చెవిన పడ్డదే తడవుగా నిద్రాసముద్రాన్ని ఒక్క ఊపున ఈది, దుప్పటి అనే తమఃపటలాన్ని ఒంటికాలితో చీల్చి, మన కథానాయకుడు లేచి నిలబడ్డాడు. ఆనాడు అతని ఇంటర్న్‌షిప్ మొదటి రోజు.

ఎవరతడు? ఏ వంశాబ్ధికి చంద్రుడు? గోదావరి డెల్టాలో, తణుకుకు కూతవేటు దూరాన, వరిచేలు నాలుగు దిక్కులా ఆకుపచ్చ సముద్రాలై పొర్లే ఊళ్లో పుట్టినవాడు. బాడిస ఒక చేత, ఉలి ఒక చేత ధరించి, చుట్టుపక్కల పది ఊళ్ల ఇళ్లకు గుమ్మాలు నిలబెట్టిన వడ్రంగి తండ్రికి ఏకైక పుత్రుడు. 2008లో జేఎన్‌టీయూ నాలుగు విశ్వవిద్యాలయాలుగా విడివడినప్పుడు కాకినాడకు దక్కిన రాజ్యానికి సామంతమైన ఒక కళాశాలలో, ఎనిమిది సెమిస్టర్ల అరణ్యవాసాన్ని ఒకే ఒక్క సప్లీ గాయంతో ముగించుకున్నవాడు. ఎం-త్రీ అనే గణితరాక్షసి గదాఘాతం అది. ఆ మచ్చ మార్కుల మెమోలో ఉంది గాని మనసులో లేదు. పరీక్ష ముందురాత్రి ఆల్-ఇన్-వన్ గ్రంథాన్ని అగస్త్యుడు సాగరాన్ని ఆపోశన పట్టినట్టు పట్టి, తెల్లవారి పరీక్ష హాల్లో అపరగంగను కురిపించి, హాలు దాటగానే మళ్లీ నిర్జలుడై నిలిచిన స్థితప్రజ్ఞుడు.

ఆ గదిలో తక్కిన ముగ్గురూ సామాన్యులు కారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క అజ్ఞాతవాసం. కిటికీ పక్క మంచాన శయనించినవాడు వైద్యవీరుడు. ఎంబీబీఎస్ చదువు ముగించి, ఏడాదిపాటు తప్పని హౌస్‌సర్జన్ దీక్షలో వార్డు వార్డుకూ తిరిగే రాత్రించర వ్రతుడు. నిద్రలో కూడా "సెలైన్ మార్చాను సార్" అని పలవరించేవాడు. తలుపు పక్కవాడు గణకచక్రవర్తి. సీఏ ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించిన 2023 నాటి సంస్కరణ పుణ్యాన ఒక సంవత్సరం శాపవిమోచనం పొంది, ఓచర్ల కొండలను టిక్కుమార్కుల గొడ్డళ్లతో నరుకుతూ జీవించేవాడు. నడిమి మంచపువాడు డిగ్రీ వీరుడు. 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో చేరి, నెలకు 5,000 రూపాయల భృతిలో 4,500 సర్కారు చేతి మీదుగా, 500 కంపెనీ చేతి మీదుగా అందుకుంటూ ఉభయరాజపూజితుడైనవాడు. ఈ మహారథుల నడుమ నాలుగోవాడై, నెలకు 15,000 స్టైపెండు ఖరారైన ఆఫర్ లెటరును ఫోనులో దాచుకుని, రోజుకు మూడుసార్లు తెరిచి అంకె మారలేదని నిర్ధారించుకుంటూ వచ్చాడు మన నాయకుడు.

ఇక జలక్రీడ. అంతస్తు మొత్తానికి స్నానాల గదులు రెండు. ఒకదాని గీజరు కీర్తిశేషమైంది. రెండోదాని గొళ్లెం ఊడిపోయింది. చన్నీళ్లా, చాటు లేకపోవడమా? భీష్మద్రోణాదులకు సైతం తెమలని ఆ ధర్మసంకటంలో వీరుడు క్షణమైనా తడబడక చన్నీళ్లను వరించాడు. ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు మానససరోవరమై తొణికింది. మగ్గు ఐరావతపు తొండమై పైకి లేచింది. తొలి మగ్గు నెత్తిన పడ్డప్పుడు అతడు చేసిన సింహనాదానికి వెంటిలేటర్లో కాపురముంటున్న కపోతదంపతులు సపరివారంగా ఎదుటి మేడకు వలసపోయారు. బయట క్యూలో నిలిచిన తువ్వాళ్ల సేన "తొందరగా కానీ బ్రో!" అని వందిమాగధుల్లా కైవారం చేసింది.

జలక్రీడానంతరం కవచధారణ. లేత నీలం చొక్కా! కొన్నది తణుకులో, బేరమాడింది అమ్మ, గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది నాన్న, రంగు బాగుందని తీర్పు చెప్పింది మేనమామ. సందు మొగలోని ఇస్త్రీబండి మీద, ఎర్రని బొగ్గులు కడుపున దాచుకున్న ఇనుప పెట్టె కింద, ముందురాత్రే అగ్నిపరీక్ష నెగ్గి, సీతమ్మవారిలా నిష్కళంకగా తిరిగొచ్చిన చొక్కా అది. దాని మడతల అంచులు ఖడ్గధారలు. దాని కాలరు కోటబురుజు. బూట్లు నల్లద్దాలై మెరిసి, వంగి లేసులు కట్టుకునే నాయకుడి ముఖాన్ని వానికే చూపించాయి. మేజోళ్లు మాత్రం ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం. సూర్యచంద్రులు ఒకే ఆకాశాన ఉండగా ఇవి ఒకే నడకలో ఉండరాదా అని వీరుడు ప్యాంటును అరంగుళం కిందికి లాగి జైత్రయాత్రకు కదిలాడు.

దారిలో అమీర్‌పేట! సకల సాఫ్ట్‌వేర్ విద్యలకు తక్షశిల! మైత్రీవనం చుట్టూ మేడమేడకూ ఫ్లెక్సీల పతాకాలు. జావా అనేది ఒక ధ్వజం, పైథాన్ అనేది ఒక ధ్వజం, డెవాప్స్, టెస్టింగ్, డేటా సైన్స్ అంటూ అంతులేని ధ్వజినీ సమూహం. ప్రతి మలుపులో ఒక కరపత్ర ధనుర్ధరుడు పొంచి ఉండి "కొత్త బ్యాచ్, డెమో ఫ్రీ!" అని శరపరంపర కురిపిస్తాడు. నిన్నటిదాకా ప్రతి కాగితాన్నీ భక్తితో అందుకున్న ఆ చెయ్యి నేడు అభయముద్ర పట్టి, "అక్కర్లేదండి, జాబొచ్చిందండి" అన్నది. కరపత్రాలవాడు రెండడుగులు వెనక్కి వేసి దారి ఇచ్చాడు. ఇంటర్న్‌షిప్పుకూ జాబుకూ గల సూక్ష్మభేదాన్ని విప్పి చెప్పడానికి అది సమయం కాదు.

2017 నవంబరులో నగరవాసులకు తలుపులు తెరిచిన మెట్రో, నాగోలు దిక్కు నుంచి నీలిగీత వెంట, మూడు పెట్టెల మహోరగమై, గాలిని చీలుస్తూ, ప్లాట్‌ఫారం మీది చున్నీలనూ జుట్టులనూ చామరాల్లా వీయిస్తూ వచ్చి నిలిచింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపలి సేన బయటికి, బయటి సేన లోపలికి! క్షీరసాగరాన్ని ఇటు దేవతలు, అటు దానవులు చిలికినట్టు ఒక అరనిమిషం మథనం జరిగింది. ఆ మథనంలో అమృతం పుట్టలేదు గాని, ఎవరిదో టిఫిన్ డబ్బాలోంచి పులిహోర పరిమళం పుట్టి పెట్టెంతా వ్యాపించింది. మన వీరుడు సంచిని వీపు నుంచి తప్పించి వక్షఃకవచంగా ధరించాడు. పట్టుకోవడానికి కమ్మీ అందలేదు; అందవలసిన అవసరమూ రాలేదు. ఎనిమిది దిక్కులా ఎనిమిది మంది దిక్పాలకులు ఆనుకుని నిలబడి, పడదామన్నా పడనివ్వకుండా అతణ్ణి మోశారు.

రైలు కదిలింది. మధురానగరాన్ని దాటింది. యూసుఫ్‌గూడను దాటింది. రోడ్ నంబర్ ఫైవ్ అనే, ఏ కవీ సమాసం చేయలేని నామధేయం గల ఘట్టాన్నీ దాటింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటింది. పెద్దమ్మ గుడి స్టేషనులో తలుపులు తెరుచుకున్న క్షణాన వీరుడు అమ్మవారికి దణ్ణం పెట్టబోయాడు. చేతులు పైకి లేచే జాగా లేక కనుబొమలతోనే సాష్టాంగపడ్డాడు. మాదాపూర్ దాటింది. దుర్గం చెరువు స్టేషనని మూడు భాషల్లో అశరీరవాణి పలికింది. నీళ్లు కనిపించినా కనిపించకున్నా, కావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్న లాక్షణికుల మాట ప్రకారం సముద్రవర్ణన ఇక్కడితో చెల్లిపోయింది. ఆ పై స్టేషను హైటెక్ సిటీ. జనప్రవాహం తన ఒడిలోని మన వీరుణ్ణి, అతని కాళ్ల ప్రమేయం లేకుండానే, ఒడ్డున దింపి పోయింది.

అదిగో నగరం! 1998లో ప్రధాని వాజపేయి చేతుల మీదుగా తెరుచుకున్న సైబర్ టవర్స్, మన నాయకుడు భూమ్మీద పడక మునుపే తల పండిన భీష్మపితామహుడై, వలయాకారపు గంభీరదేహంతో నాలుగు రోడ్లనూ పర్యవేక్షిస్తున్నాడు. ఆ తాతగారి చుట్టూ ముని మనుమలై మొలిచిన అద్దాల మేడలు ఒకదాని ముఖం ఒకటి చూసుకుని సింగారించుకుంటున్నాయి. ఒక మేడలో మేఘం, ఆ మేఘంలో ఇంకో మేడ, ఆ మేడ పదో అంతస్తున తాడుకు వేలాడుతూ అద్దాలు తుడిచే మనిషి. మనిషి ఒక్కడే, ప్రతిబింబాలు నూరు. కింద వీధిలో ఆటోల బృంహితాలు, బైకుల హేషారవాలు, క్యాబ్ డ్రైవర్ల ఓటీపీ ఘోషలు. ఇరానీ చాయ్ దుకాణం ముందు మెడలో పట్టెడల్లే ఐడీ కార్డులు ధరించిన యోధులు ఉస్మానియా బిస్కెట్లను వేడివేడి చాయ్‌లో ముంచి, అవి విరిగి మునిగే లోపల నోట పట్టుకునే ధనుర్విద్యను అభ్యసిస్తున్నారు.

కోట ద్వారం వచ్చింది. ద్వారపాలకుడు నీలం యూనిఫాంలో, చేత లోహశోధక దండంతో, జయవిజయులిద్దరూ ఒకే దేహంలో అవతరించినట్టు నిలిచి ఉన్నాడు.

"సార్, ఐడీ?"

"లేదండి. ఇయ్యాలే చేరుతున్నానండి."

"పేరు రాయ్ సార్. నంబర్ రాయ్ సార్. టైం రాయ్ సార్."

బల్ల మీద బారెడు రిజిస్టరు పరుచుకుని ఉంది. దానికి తెల్లదారంతో కట్టిన నీలం బాల్‌పెన్ను, గొలుసుకు కట్టిన గజేంద్రుడిలా, రాయబోతే మూడో గడి దాటి రానన్నది. వీరుడు రిజిస్టరునే పెన్ను దగ్గరికి జరిపాడు. పేరు రాశాడు. వేళ రాశాడు. 'వచ్చిన పని' అన్న గడి దగ్గర కలం ఆగింది. ముందువాళ్లంతా అక్కడ 'డెలివరీ' అనో 'ఏసీ రిపేరు' అనో 'మీటింగు' అనో తేల్చి పారేశారు. తనదేమిటి? 'ఉద్యోగం' అని రాశాడు. చూశాడు. మరీ పెద్దగా కనిపించింది. కొట్టేశాడు. 'ఇంటర్న్‌షిప్' అని రాయబోతే గడి చాలక, చివరి అక్షరం పక్కనున్న ఏసీ మెకానిక్ సంతకం మీదికి దండెత్తింది. ద్వారపాలకుడు దయామయుడై 'విజిటర్' అని రాసిన అట్టముక్కను మెడలో వేశాడు. స్వయంవరంలో ఇందుమతి వరమాల అజుని మెడను చేరినప్పుడు సైతం ఆ మెడ అంత నిటారుగా నిలిచి ఉండదు.

ఆ తర్వాతది ఆయుధప్రదానం. ఐటీ విభాగపు గుహాంతరం నుంచి ఒక ల్యాప్‌టాపు వెలువడింది. గతించిన ఇంటర్న్‌ల వేళ్లచేత పునీతమైనదది. 'ఎస్' మీట మీది అక్షరం అరిగి, బ్రహ్మపదార్థంలా నిరాకారమై ఉంది. దానికి పాస్‌వర్డు పెట్టాలన్నారు. వీరుడు ఇలవేల్పు పేరు పెట్టాడు, చాలదన్నది యంత్రం. పెద్దక్షరం కావాలన్నది, ఇచ్చాడు. అంకె కావాలన్నది, పుట్టిన సంవత్సరాన్ని బలి ఇచ్చాడు. ప్రత్యేక చిహ్నం కావాలన్నది. నక్షత్రాన్నే దింపి చివర నిలబెట్టాడు. అప్పుడు యంత్రం ప్రసన్నమై, అదే పాస్‌వర్డును మరొకసారి కొట్టమన్నది. అంతలో కొట్టినదేదో వీరుడు మరిచిపోయాడు. రథచక్రం కుంగినవేళ కర్ణుడికి అస్త్రమంత్రం స్ఫురించని విషాదఘట్టాన్ని పాఠకులు ఇక్కడ స్మరించుకోవాలి.

టీమ్ లీడ్ వచ్చింది. వయసులో వీరుడికన్నా పదేళ్లు పెద్ద, అనుభవంలో ఒక యుగం పెద్ద.

"నమస్తే మేడమ్!"

"మేడమ్ వద్దమ్మా. ఇక్కడ అందరం పేర్లే. పేరు పెట్టి పిలువు."

ఇదీ పరీక్ష! పక్కింటి కుర్రాడు ఏడాది పెద్దయితే చాలు అన్నయ్యా అన్న నాలుక అది. బస్సు కండక్టరును బాబాయ్ గారూ అన్న నాలుక. కుక్కను కూడా "పోవే తల్లీ" అని అదిలించిన నాలుక. అది అంగిలిని అంటుకుని సత్యాగ్రహం చేసింది. మెదడు ఆజ్ఞ పంపింది, నాలుక తిరస్కరించింది. మెదడు మళ్లీ పంపింది. నాలుక ప్రాయోపవేశానికి సిద్ధపడింది. చివరికి శ్రీకృష్ణ రాయబారంలో కుదరని సంధి ఇక్కడ కుదిరి, పేరు ముందు వెలువడి, దాని వెనకే, ఆపేవారు లేక, "గారండి" అనే జంట అంగరక్షకులు పరుగున వచ్చి నిలిచారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆనాటి నుంచి ఆ అంతస్తులో ఆమె ఒక్కతే గారండి.

పదిన్నరకు మంత్రసభ. స్టాండప్ అని దాని పేరు. సింహాసనాలు నిషిద్ధం, పదిహేను నిమిషాలు అందరూ నిలబడి తీరాలి. నిన్న ఏం చేశావు, నేడు ఏం చేస్తావు, అడ్డేమున్నది? ఈ మూడే ప్రశ్నలు. యక్షుడు ధర్మరాజును నిలేసినట్టు వలయంలో ఒక్కొక్కరినీ నిలేస్తూ వచ్చాయి. తెర మీద ప్రత్యక్షమైన దూరదేశపు సామంతుడొకడు పెదవులు మాత్రమే కదుపుతూ మహోపన్యాసం చేస్తుంటే, "మ్యూట్‌లో ఉన్నావ్!" అని సభ ముక్తకంఠంతో ఘోషించింది. వంతు వీరుడిది వచ్చింది. ఇరవై కళ్లు. గొంతులో గోదావరి వరద.

"ఆయ్... నిన్న హాస్టల్లో ఉన్నానండి. ఇయ్యాల వచ్చానండి. అడ్డేం లేదండి."

సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. మరుక్షణం ఒక మూల నుంచి "ఆయ్!" అని ప్రతిధ్వని వచ్చింది. భీమవరం వాడొకడు ఆ మూల ఏడేళ్లుగా అజ్ఞాతంలో ఉన్నాడు.

అప్పుడు టికెట్ అనే రాజశాసనం వెలువడింది. శత్రువెవరు? 'సేవ్' బటన్. నేరమేమి? తన జోడీ అయిన 'క్యాన్సిల్' బటన్ కంటే నాలుగు పిక్సెళ్లు కిందికి దిగి కూర్చోవడం. ఆజ్ఞ ఏమి? పైకి లేపుము.

నాలుగంటే నవ్వులాట కాదు. వీరుడి ముందున్న తెర అడ్డం 1,920, నిలువు 1,080. కలిపి 20,73,600 పిక్సెళ్లు. రథగజతురగపదాతులు కలిపి 2,18,700 అయితే ఒక అక్షౌహిణి అని భారతపు లెక్క. అంటే ఆ కాస్త పలకలో తొమ్మిది అక్షౌహిణులకు పైబడ్డ సేన! పాండవుల ఏడింటికి ఎక్కువ, కౌరవుల పదకొండింటికి తక్కువ. అంత సేనలో ఒక గుల్మం నాలుగు వరుసలు కిందికి జారితే వ్యూహం వికటించదా? చూసినవారి కంటికి ఏదో తేడాగా ఉందని తోచి, ఏమిటో తెలియక, ఆ కన్ను రోజంతా నలగదా?

వీరుడు వ్యూహంలోకి చొరబడ్డాడు. ఫైలు తెరిస్తే వేల పంక్తులు, కుంభకర్ణుడి కోరమీసాల్లా మెలికలు తిరిగి, ఒకదాన్ని కదిపితే ఎక్కడో మరొకటి మూలిగే పంక్తులు. మెనూ బారును కదిపాడు. లోగో ఎగిరి కుడిమూలకు పోయింది. వెనక్కి తెచ్చాడు. ఇంకొకటి కదిపాడు, పేజీ యావత్తూ గులాబీ రంగైంది. వెనక్కి తెచ్చాడు. మధ్యాహ్నం నడినెత్తికి వచ్చేసరికి, రాయి కింద దాక్కున్న తేలులా, ఆ పంక్తి దొరికింది. పై అంతరం: పన్నెండు. దాన్ని ఎనిమిది చేయాలి. పాపిష్టి పన్నెండు!

మహాకార్యానికి ముందు మధుపానం విధి. కాఫీ యంత్రం వంటగది మూల హోమకుండంలా బుసకొడుతూ ఉంది. మీటలు ఆరు, రాతలు ఆరు. వీరుడి వేలు లాట్టే అన్న మీట మీద వాలబోగా వెనక నుంచి ఒక కంఠం వారించింది.

"అది నొక్కకు, ఒట్టి వేడినీళ్లొస్తయ్. టీ నొక్కు, కాఫీ వస్తది."

కరీంనగరం నుంచి వచ్చి వారం ముందు చేరిన సహ ఇంటర్న్ ఆమె. వారం రోజుల సీనియారిటీ అంటే ఆ లోకంలో ఒక మన్వంతరం.

"థాంక్సండి. మీరు చెప్పకపోతే..."

"అండి గిండి ఎందుకు? నువ్వనే అను."

మళ్లీ నాలుకకు సంకటం. టీ నొక్కగా కాఫీ వచ్చింది. కాగితపు కప్పులో నురుగు మందరగిరి చుట్టూ పాలకడలిలా సుళ్లు తిరిగింది. ఆ క్షణాన ఇద్దరికీ తెలియదు, సంధ్యకు ముందే తాము ఎదురెదురు శిబిరాల్లో నిలవబోతున్నామని.

ఇక యుద్ధం! ఫిన్లాండు వీరుడు లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లోకానికి ప్రసాదించిన గిట్ అనే అస్త్రాన్ని నాయకుడు స్మరించాడు. బ్రాంచ్ తీశాడు, అది ధనుస్సు. కమిట్ చేశాడు, అది సంధానం. పుష్ అన్నాడు, అది ప్రయోగం. ఎంటర్ మీట మీద చూపుడువేలు పడ్డప్పుడు పక్క సీటువాడి కప్పులో చల్లారిన టీ సైతం వలయాలుగా కంపించింది. బాణం దూసుకుపోయింది, పోయింది, పోయింది... తగిలింది. దేనికి? మరో బాణానికి! అదే ఫైలు, అదే పంక్తి, అదే అంకె. కరీంనగరపు వీరనారి గంట ముందే ఆ పన్నెండును పది చేసి పోయింది. తెర ఎర్రబారింది. కాన్‌ఫ్లిక్ట్!

ఆ వ్యూహాన్ని చూసినవారు జన్మలో మరువరు. పైన ఎడమకు గురిపెట్టిన ఏడు బాణపు ములుకులు. కింద కుడికి గురిపెట్టిన ఏడు ములుకులు. నడుమ ఏడు జతల గీతల ప్రాకారం. ఎప్పుడు ఎక్కడ ఘర్షణ పుట్టినా గిట్ కట్టే కోట ఇదే. ఏడు, ఏడు, ఏడు. సప్తసముద్రాలూ సప్తకులపర్వతాలూ సప్తర్షులూ సాక్షులై నిలిచిన ఆ రణభూమిలో, ప్రాకారానికి ఇటు ఎనిమిది, అటు పది. రెండు అంకెలు తొడలు చరిచాయి.

యోధులిద్దరూ ఒకే తెర ముందు కుర్చీలు లాక్కున్నారు.

"ఫోన్ల చూడు," అన్నదామె. "ఎనిమిది పెడితే వేలు ఆనేకాడ ఇరుకైతుంది."

"కంప్యూటర్లో చూడం... చూడు," అన్నాడతడు. ఆ 'డి' మింగడానికి అతడు పడ్డ శ్రమ హాలాహలం మింగిన శివుడే ఎరుగును. "పది పెడితే పక్కదానికి సమం అవటం లేదు."

ఆమె ఫోను తీసి చూపింది. అతడు డిజైనరు పటం తీసి చూపాడు. ఆమెది నిజం. అతడిదీ నిజం. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల ఇవ్వనన్నందుకు పద్దెనిమిది అక్షౌహిణులు నేలకూలాయి. ఈ ఇద్దరు ఇంటర్న్‌లు నాలుగు పిక్సెళ్ల నేల మీద సంధి చేసుకున్నారు. తెర వెడల్పయితే ఎనిమిది, ఇరుకైతే పది. ఒకే ఒక్క కొత్త షరతు చేరింది. రెండు అంకెలూ బతికాయి. గుర్తులు ఇరవై ఒకటీ ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి.

శాసనం రివ్యూకు వెళ్లింది. టీమ్ లీడ్ కళ్లద్దాలు సవరించుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. "చివర సెమీకోలన్ ఏది?" అని ఒకే ఒక్క వ్యాఖ్య! కామా మీద బిందువు, కామా కింద లోకం. వీరుడు పరుగున పెట్టాడు. పచ్చ టిక్కు వెలిగింది. మర్జ్ అన్న మీట నొక్కగానే పచ్చని ముద్ర ఊదారంగుకు తిరిగింది. దేవతలు పూలవాన కురిపించారో లేదో తెలియదు గాని, ఏసీ గొట్టం లోంచి కాస్త దుమ్ము రాలింది. 'సేవ్' బటన్ నాలుగు పిక్సెళ్లు పైకి లేచి, 'క్యాన్సిల్' సరసన, పీటల మీద పెళ్లికొడుకులా, సమంగా కూర్చుంది.

సాయంసంధ్యలో హైటెక్ సిటీ మెట్లెక్కుతూ వీరుడు ఇంటికి ఫోను చేశాడు. అమ్మ తిన్నావా నాన్నా అనడం, తిన్నానమ్మా అనడం, ఏం తిన్నావు అనడం అయ్యాయి. ఫోను నాన్న చేతికి వెళ్లింది.

"ఏం పనిచ్చార్రా?"

"బటన్ పైకి జరిపానండి నాన్నా."

"ఎంత జరిపావేంటి?"

"నాలుగు పిక్సెళ్లండి. అంటే..." వీరుడు మనసులో లెక్క కట్టాడు. అంగుళానికి 96 పిక్సెళ్లు. "మిల్లీమీటరంతండి."

రోజంతా ఇందుకా ల్యాప్‌టాప్ ఇచ్చారు అంటాడేమోనని వీరుడు ఊపిరి బిగబట్టాడు. అవతల చిత్రిక పట్టిన చెక్క మీది పొట్టును చేత్తో దులుపుతున్న చప్పుడు.

"నూలుపోగంత తేడా వచ్చిందా, తలుపు గుమ్మంలో కూర్చోదురా. కూర్చున్నా వానాకాలం పట్టేస్తది. మూలమట్టం పెట్టి చూశావా?"

"చూశానండి. రెండుసార్లు చూశానండి."

"అయితే పని చేసినట్టే."

పట్టాభిషేకానికి వసిష్ఠుడు ఇంతకన్నా క్లుప్తంగా మంత్రం చదవలేదు. నలభై ఏళ్లుగా మిల్లీమీటర్ల మీద బతుకు నిలబెట్టిన మనిషి, మిల్లీమీటరు పనికి ముద్ర వేశాడు. వీరుడి ఛాతీ లేత నీలం చొక్కా గుండీలను తోసుకుని ముందుకు వచ్చింది.

మాసాంతాన నాయకాభ్యుదయం. ఫోను గజ్జెలా ఘల్లుమన్నది: ఖాతాలో 15,000 జమ! నెల జీతం 15,000 దాటితే గాని తెలంగాణ రాజ్యం వృత్తిపన్ను అడగదు గనుక, ఒక్క కాసు కప్పం కట్టనక్కరలేని స్వతంత్ర ప్రభువై అతడు వెలిగాడు. ఆ స్వాతంత్ర్యం ఆ రాత్రి వరకే. హాస్టల్ యజమాని ఒక దిక్కు నుంచి, మెట్రో కార్డు ఒక దిక్కు నుంచి, ఇస్త్రీబండి ఖాతా ఒక దిక్కు నుంచి ముట్టడించాయి. "పార్టీ ఎప్పుడు బ్రో?" అంటూ వైద్యవీరుడూ గణకచక్రవర్తీ ఉభయరాజపూజితుడూ గదిలో నుంచే తిరుగుబాటు లేవదీశారు. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ, దమ్ము మూత తీసేసరికి ఆవిరి మేఘమై లేచి ట్యూబులైటును కమ్మింది. లెగ్ పీసు కోసం జరిగిన సంగ్రామానికి మరో పర్వం కావాలి. మేనమామ మాత్రం ఫోనులో వదలలేదు: "అది సరేరా అబ్బాయ్, పర్మనెంటు ఎప్పుడు చేస్తారంట?" ఆ ప్రశ్నకు జవాబు చతుర్ముఖుడి నాలుగు నోళ్లలోనూ లేదు, హెచ్ఆర్ వారి నోటిలో ఉంది.

ఇక ఫలశ్రుతి. ఈ దిగ్విజయాన్ని ఇంటర్వ్యూ ముందు చదివినవారికి "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు మాట తడబడదు. మెట్రోలో చదివినవారికి ఎక్కిన రెండో స్టేషనులోనే సీటు దొరుకుతుంది. కోడు రాస్తూ విన్నవారికి సెమీకోలన్ మరుపు రాదు. హాస్టల్లో బిగ్గరగా పారాయణ చేసినవారికి గీజరు పనిచేస్తుంది, గొళ్లెమూ పడుతుంది. ఇట్లు ప్రథమాశ్వాసం సమాప్తం. ద్వితీయాశ్వాసానికి టికెట్ అప్పుడే వచ్చింది: 'క్యాన్సిల్' బటన్ రెండు పిక్సెళ్లు ఎడమకు జరిగి ఉన్నదట. మ్రోగించండి భేరీలు!